పెట్టె పద్యానికి రుద్రంగి టీక

మూలం

పెట్టె నంబరొకటి పెట్టిన చోటొండు
తెరను జూపుటొకటి తిరుగ నొకటి
తప్పు నీదె యనును తన తప్పు గానక
నడచి చూడు ముందు నమ్మవలదు

అవతారిక

సముద్రం ఆనవాలే లేని ఊరు రుద్రంగి. 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా చందుర్తి మండలంలో ఒక గ్రామం. ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో తానే ఒక మండలం. కోరుట్లకూ వేములవాడకూ నడుమ బస్సు ఆగే ఇలాంటి చోట పుట్టినవాడు ఓడరేవు మీద పద్యం చెప్పడమేమిటని ముందుగా శంక పుడుతుంది. సమాధానం సులువే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కున రేవు సంగతి తెలియని వాడకట్టు లేదు. దుబాయిలో జెబెల్ అలీ రేవు 1979లో తెరుచుకుంది. గల్ఫ్ బాట పట్టిన మనవాళ్లలో కొందరు అక్కడ ఓడ మీద పెట్టెలను కట్టి బిగించే లాషింగ్ పనికి, ట్రైలర్ నడపడానికి, చెకర్‌గా పెట్టెలు లెక్కపెట్టడానికి కుదిరారు. సిరిసిల్ల నుంచి సాంచెల (మరమగ్గాల) పనికి భీవండి పోయినవాళ్లకు నవా షేవా రేవు ఎటూ దగ్గరే.

ఇక కర్త ఎవరు? రుద్రంగివాడని ఊరివాళ్లు. 'పెట్టె' అన్నాడు కాబట్టి కానేకాదని కోరుట్లవాళ్లు. మన దిక్కు మనిషి కంటైనర్‌ను డబ్బా అంటాడే తప్ప పెట్టె అంటాడా అని వారి ఆక్షేపణ. ఇది పొసగదు. 'డబ్బా' అని మొదలుపెడితే నాలుగో గణంలో 'పెట్టిన'కు యతి ఏ దారిన కుదురుతుంది? యతి కోసం భాష మార్చుకోవడం కవుల జన్మహక్కు. పద్యానికి మకుటం లేదేమంటే, కవి డ్యూటీలో ఉన్నాడు. పేరు పెట్టి సూపర్‌వైజర్‌కు దొరికిపోయేంత అమాయకుడు కాడు. పదో శతాబ్దంలోనే కురిక్యాల బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు కంద పద్యాలు చెక్కించిన సీమ కదా, కందం వదిలి ఆటవెలది ఎందుకు పట్టాడనే ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. కందంలో గణాలు, ప్రాస సరిచూసుకునే తీరిక షిఫ్టులో దొరకదేమో.

ప్రతిపదార్థం

పెట్టె నంబరు = కంటైనర్ మీద రంగుతో రాసిన నాలుగక్షరములును ఏడంకెలును; ఒకటి = ఒక విధముగా నుండును; పెట్టిన చోటు = క్రేను దించిన స్థానము; ఒండు = వేరొకటి; తెరను = టెర్మినల్ సాఫ్ట్‌వేర్ తెరపైనను, చెకర్ చేతిలోని హ్యాండ్‌హెల్డ్ పైనను; జూపుట = అగుపరచునది; ఒకటి = మరియొకటి; తిరుగన్ = యార్డులో తిరిగి చూడగా; ఒకటి = ఇంకొకటి; తన తప్పు గానక = తనయందలి దోషమును చూడనిదై; తప్పు నీదె యనును = 'ఆపరేటర్ ఎర్రర్' అని పలుకును; ముందు = ఐటీ వారికి ఫోను చేయుటకు పూర్వమే; నడచి చూడు = స్వయముగా పోయి చూడుము; నమ్మవలదు = నమ్మకుము.

ఎవరిని నమ్మకూడదో కవి చెప్పలేదు. ఆ గొడవ చివర వస్తుంది.

తాత్పర్యం

టెర్మినల్ సాఫ్ట్‌వేర్‌కు కళ్లు లేవు. దానికి ఎవరో ఒకరు చెప్పిందే తెలుసు. చెప్పినవాడు పొరబడితే, లేక చెప్పిన మాట దారిలో ఆగిపోతే, అది అబద్ధాన్నే ధీమాగా చూపిస్తుంది. కనుక లోపం వెతికేవాడు యార్డు దగ్గర మొదలుపెట్టాలి.

'పెట్టె నంబరొకటి'

ఈ పాదం దగ్గర ఆగాలి. సగం చిక్కులు ఇక్కడే పుడతాయి, ఇక్కడే తీరతాయి. పెట్టె నంబరు తీరును ఐఎస్‌ఓ 6346 అనే ప్రమాణం నిర్ణయించింది. మొదటి మూడక్షరాలు యజమాని గుర్తు. ఆ గుర్తులు ఒకరివి ఒకరికి తగలకుండా పారిస్‌లోని అంతర్జాతీయ కంటైనర్ బ్యూరో నమోదు చేస్తుంది. నాలుగో అక్షరం మామూలు పెట్టెకు 'యూ'. తర్వాత ఆరంకెల వరుస సంఖ్య. ఆఖరున, చాలాసార్లు చిన్న గడిలో, ఒంటరిగా ఒక అంకె. దాన్ని చెక్ డిజిట్ అంటారు. అది పై పదింటికీ కాపలా.

కాపలా ఎలా కాస్తుంది? శిక్షణ పాఠాల్లో తరచు కనిపించే నంబరే తీసుకుందాం: సీఎస్‌క్యూయూ 305438, గడిలో 3. ముందు అక్షరాలకు విలువలు వేయాలి. ఏ అంటే 10. తర్వాత 11 రావాలి కానీ దాన్ని వదిలి బీ కి 12, సీ కి 13 అని పోతారు. అలాగే 22నూ, 33నూ వదిలేస్తారు. ఆ లెక్కన సీ 13, ఎస్ 30, క్యూ 28, యూ 32. అంకెలు అంకెలుగానే ఉంటాయి. ఇప్పుడు మొదటిదాన్ని 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 4తో, ఇలా రెట్టింపు చేసుకుంటూ పదోదాన్ని 512తో గుణించి కూడితే 6185 వస్తుంది. దాన్ని పదకొండుతో భాగిస్తే శేషం 3. గడిలో ఉన్నదీ 3. నంబరు నిజం.

గేటు దగ్గర ఎవరో తొందరలో 305ను 350 అని కొట్టారనుకోండి. మొత్తం 6025 అవుతుంది, శేషం 8. గడిలో 3 ఉంది. యంత్రం 'ఇన్‌వాలిడ్ కంటైనర్ నంబర్' అంటుంది. లారీ డ్రైవర్ హారన్ కొడతాడు. వెనక లైను పెరుగుతుంది. ఇలాంటప్పుడు సాఫ్ట్‌వేర్‌ను తిట్టడం అన్యాయం. అది తన ధర్మం చేసింది. కిందికి దిగి పెట్టె మీద నంబరు మళ్లీ చదవాలి. తలుపుల మీద, పక్కల మీద, ముందువైపు, పైకప్పు మీద కూడా నంబరు ఉంటుంది. ఒకవైపు చెరిగితే ఇంకోవైపు చూడొచ్చు. గేటు కెమెరా చదివిన దాన్ని నమ్మి కూర్చున్నవాడికి బురద మరక 3ను 8గా చూపిస్తుంది.

అయితే ఈ కాపలాకూ కునుకు ఉంది. కవి 'నమ్మవలదు' అన్నప్పుడు ఇదీ ఆయన మనసులో ఉందని నా ఊహ. సీ విలువ 13, ఎం విలువ 24, డబ్ల్యూ విలువ 35. మూడింటికీ పదకొండుతో శేషం 2. కాబట్టి సీఎస్‌క్యూయూ బదులు ఎంఎస్‌క్యూయూ అని కొడితే మొత్తం 6196 అవుతుంది, శేషం మళ్లీ 3. యంత్రం 'వారెవా' అని గేటు ఎత్తేస్తుంది. ఆ పేరుతో అసలు యజమాని లేకపోయినా లెక్కకు అభ్యంతరం ఉండదు. ఇంకొక కన్నం: శేషం 10 వస్తే దాన్ని 0గా రాస్తారు. అప్పుడు శేషం 0 అయినదానికీ 10 అయినదానికీ తేడా కనబడదు. అందుకే శేషం 10 వచ్చే వరుస సంఖ్యలు వాడకపోవడం మేలని ప్రమాణమే చెబుతుంది.

'పెట్టిన చోటొండు'

చోటు అంటే బ్లాకు, బే, వరుస, అంతస్తు. ఇరవై అడుగుల పెట్టె ఉండే బేకు బేసి సంఖ్య, నలభై అడుగుల దానికి సరి సంఖ్య. అంటే 14వ బే అనేది వేరే స్థలం కాదు, 13నూ 15నూ కలిపి ఆక్రమించిన నలభై అడుగుల పెట్టె పేరు. ఇప్పుడు ఎవరో నలభైని ఇరవై అని నమోదు చేశారు. తెర మీద 13లో పెట్టె ఉంది, 15 ఖాళీగా ఉంది. సాఫ్ట్‌వేర్ సంతోషంగా ఇంకో పెట్టెను 15కు పంపుతుంది. క్రేన్ మీద ఉన్నవాడు కిందికి చూస్తే అక్కడ ఇనుము. వాడు బుద్ధిమంతుడైతే కంట్రోల్ రూంకు చెబుతాడు. షిఫ్ట్ ముగింపులో ఉన్నవాడైతే పక్క వరుసలో దించి, 15లోనే పెట్టినట్టు నొక్కేసి క్యాంపు బస్సు ఎక్కుతాడు. ఆ పెట్టె ఇక కల్లివెల్లి. గల్ఫ్‌లో వీసా చెడిన మనవాళ్లను అనే మాట ఇది: మనిషి ఉంటాడు, కాగితం ఉండదు. దీని బతుకూ అదే. యార్డులో ఉంది, రికార్డులో లేదు.

ఇలాంటి పెట్టెను వెతకడానికి యార్డంతా జల్లెడ పట్టక్కర్లేదు. తప్పిన పెట్టెలు ఎక్కువగా జంటగా తప్పుతాయి. ఒకదాని చోట రెండోది ఉంటే, రెండోదాని చోట మొదటిది ఉండటానికి అవకాశం ఎక్కువ. ఓడ నుంచి రెండు ఇరవై అడుగుల పెట్టెలను ఒకే ఎత్తుతో దించినప్పుడు ముందుది వెనక, వెనకది ముందు అని నమోదు కావడం రోజువారీ సంగతి. కనుక ఆ పెట్టెను ఆఖరున ముట్టిన క్రేన్ ఏది, దానికి ముందు పని ఏది, తర్వాత పని ఏది అన్నది తెర మీద తీయాలి. ఆ రెండు చోట్లా, తర్వాత ఇరుగుపొరుగు వరుసల్లో, చూస్తే మామూలుగా దొరుకుతుంది. అంతస్తు కూడా పొరబడొచ్చు. మూడో అంతస్తు అన్నది నాలుగులో ఉంటే అడుగున పెట్టె ఇంకేదో దాగి ఉందన్నమాట.

చోటు తప్పడానికి ఇంకో కారణం గాలి తరంగాలు. ఐదంతస్తుల ఇనుప పెట్టెల నడుమ వైఫై సిగ్నల్ చేరని సందులు ప్రతి యార్డులోనూ ఉంటాయి. చెకర్ నొక్కాడు, పోలేదు. మళ్లీ నొక్కాడు. సందు దాటి బయటికి వచ్చాక రెండూ ఒకేసారి పోయాయి. ఈలోపు ఆ పెట్టెను ఇంకొకరు కదిలించి ఉంటారు. ఆలస్యంగా చేరిన పాత మాట కొత్త మాటను కొట్టేస్తుంది. దీనికి తోడు గడియారం. దుబాయికీ మనకూ గంటన్నర తేడా. ఏదో ఒక యంత్రం సమయం తప్పుగా పెట్టి ఉంటే పెట్టె గేటు లోపలికి రాకముందే బయటికి పోయినట్టు చరిత్ర తయారవుతుంది. చరిత్రకారులకు ఇది కొత్త కాదు కానీ సాఫ్ట్‌వేర్ మాత్రం బిగుసుకుపోతుంది.

'తెరను జూపుటొకటి'

తెరకు యార్డు నుంచి వచ్చే మాటలే కాక ఓడ కంపెనీల నుంచి వచ్చే సందేశాలు కూడా ఉన్నాయి. ఓడలో ఏ పెట్టె ఎక్కడుందో చెప్పేది బాప్లీ. ఏవి దించాలి, ఏవి ఎక్కించాలి అని చెప్పేది కోప్రార్. గేటు రాకపోకలకు కోడెకో. పేర్లు వింటే రాక్షసుల జాబితాలా ఉంటుంది, నిజానికి ఇవి ఎడిఫాక్ట్ అనే లిపిలో రాసిన జాబులు. ఆ లిపి వ్యాకరణం నాకు చాలా నచ్చింది. కూడిక గుర్తు పదాలను విడదీస్తుంది. రెండు చుక్కలు పదంలోని ముక్కలను విడదీస్తాయి. అపాస్ట్రఫీ వాక్యాన్ని ముగిస్తుంది. అంటే పూర్ణవిరామం అదే.

ఇప్పుడు సరుకు వివరంలోనో కంపెనీ పేరులోనో మామూలుగా అపాస్ట్రఫీ పడిందనుకోండి. యంత్రం అక్కడికి వాక్యం అయిపోయిందనుకుంటుంది. మిగిలిన సగం పేరును కొత్త వాక్యం మొదలుగా చదివి, ఇలాంటి క్రియాపదం నేనెన్నడూ వినలేదని జాబు మొత్తం తిప్పి కొడుతుంది. ఆ జాబులో వందల పెట్టెలు ఉండొచ్చు. తెల్లారేసరికి గేటు దగ్గర లారీలన్నీ 'బుకింగ్ లేదు' అనిపించుకుంటాయి. మందు ఆ వ్యాకరణంలోనే ఉంది: అపాస్ట్రఫీకి ముందు ప్రశ్నార్థకం పెడితే, తర్వాతి గుర్తు విరామం కాదు, అక్షరమే అని అర్థం. పదచ్ఛేదం తప్పితే శ్లోకం తలకిందులవుతుందని బడిలో పంతులు మొత్తుకున్నది ఇందుకే. వినలేదు.

జాబు వచ్చిందా లేదా, వస్తే తిరగ్గొట్టారా, రెండుసార్లు వచ్చిందా, సవరణ ముందు వచ్చి అసలు వెనక వచ్చిందా అన్నవి చూడాల్సిన వరుస. 'హోల్డ్' అని ఎర్రగా కనిపించేది చాలాసార్లు జబ్బు కాదు. కస్టమ్స్ వాళ్లు ఆపితే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? 2016 జులై 1 నుంచి ధ్రువీకరించిన మొత్తం బరువు చెప్పని పెట్టెను ఓడ ఎక్కించకూడదు. బరువు కాగితం పంపకుండా ప్రోగ్రాం పాడైందని కేకలేసేవాళ్లకు ఏ టీకా పనిచేయదు. చల్లపెట్టెల్లో మైనస్ గీత మరిచి 18 అని కొట్టే వాళ్ల గురించి రాయడం లేదు. ఆ చేపల మీద జాలితో.

'తప్పు నీదె యనును'

కవి గుండె ఇక్కడుంది. తెర మీద ఎర్ర అక్షరాలు ఎప్పుడూ చివరన నొక్కినవాడి పేరునే చూపిస్తాయి. బుకింగ్ రాసినవాడు ఆఫీసులో చల్లగా ఉంటాడు, సందేశం పంపినవాడు ఇంకో దేశంలో ఉంటాడు, కోడు రాసినవాడు ఇంకో ఖండంలో. పేరు మాత్రం హ్యాండ్‌హెల్డ్‌లో లాగిన్ అయినవాడిది. రేవుల్లో ఈ సామాజిక వ్యవస్థను ఏ అప్‌డేటూ మార్చలేదు.

కానీ ఆపరేటర్ వేలు కూడా తగలకుండా మొత్తం తెర చీకటైన సందర్భాలున్నాయి. 2017 జూన్ 27న నాట్‌పెట్యా వైరస్ మెర్స్క్ అనే ఓడ కంపెనీని కొట్టినప్పుడు, సిరిసిల్ల వలసజీవుల భీవండికి దాపున నవా షేవాలో ఆ గ్రూపు నడిపే టెర్మినల్ పని కూడా స్తంభించింది. 2023 జులై 4న జపాన్‌లోని నగోయా రేవులో కంటైనర్ టెర్మినల్స్ అన్నిటినీ నడిపే ఒకే వ్యవస్థ రాన్సమ్‌వేర్ దెబ్బకు ఆగింది. 6వ తేదీకి గానీ పెట్టెలు కదలలేదు. క్రేన్లు బాగున్నాయి, మనుషులు ఉన్నారు, ఓడలు వచ్చాయి. ఏ పెట్టె ఎక్కడుందో చెప్పే తెర ఒక్కటే లేదు. ఆ రోజుల్లో 'ఆపరేటర్ ఎర్రర్' అనడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

పాఠాంతరం

సిరిసిల్ల ప్రతిలో నాలుగో పాదం 'నడిపి చూడు ముందు' అని ఉంది. గణాలు చెడవు. సాంచా ఆగితే బంద్ చేసి మళ్లీ చాలూ చేసే అలవాటున్నవాళ్లకు ఈ పాఠమే సహజం. దీన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. బిగుసుకున్న తెర రీస్టార్ట్‌తో వదులుతుంది. కానీ రీస్టార్ట్ చేస్తే 15లో దించని పెట్టె 15లోకి రాదు. పైగా కొన్ని హ్యాండ్‌హెల్డ్‌లలో ఇంకా పంపని మాటలు లోపల దాగి ఉంటాయి. ఆఫ్ చేస్తే అవీ పోవచ్చు. కాబట్టి ముందుగా సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి, పెండింగ్ సున్నా అయ్యాక ఆఫ్ చేయాలి. ఈ షరతుతో సిరిసిల్ల పాఠం గ్రాహ్యం. అయినా 'నడచి' అన్నదే సాధుపాఠం.

'నడచి' అన్నదానికి వాచ్యార్థం తీసుకున్నారో, ఉద్యోగం పోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. క్రేన్లు తిరిగే యార్డులో కాలినడకకు అనుమతి ఉండదు. ఇక్కడ లక్షణార్థం చెప్పుకోవాలి: కంట్రోల్ రూంకు రేడియోలో చెప్పి, ఆ వరుసలో క్రేన్ పని ఆపించి, రిఫ్లెక్టర్ జాకెట్ వేసుకుని, పికప్‌లో పోయి చూడు అని. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదన్న నియమం ఉంది. ఆ వేళ పద్యం కూడా నీడలో కూర్చోవాలి.

అలంకారం: 'తప్పు నీదె', 'తన తప్పు' అన్నచోట లాటానుప్రాస. మాట అదే, అర్థమూ అదే, తాత్పర్యం వేరు. మొదటి తప్పు ఆరోపణ, రెండోది నిజం.

'నమ్మవలదు'

తెరను నమ్మవలదని చెకర్ల మతం. చెకర్‌ను నమ్మవలదని కంట్రోల్ రూం మతం. ఇద్దరినీ నమ్మవలదని ఓడ కంపెనీవారి మతం. మూడూ అసంపూర్ణం. మెతుకుసీమ కొల్చారంవాడు మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. చెడ్డ వ్యాఖ్యలు కాళిదాసు వాణిని మూర్ఛలో ముంచాయని కూడా ఆయన బాధపడ్డాడు. ఆ దారిలో చూస్తే ఇక్కడ మూలం యార్డు, తెర దాని వ్యాఖ్య మాత్రమే. వ్యాఖ్యకూ మూలానికీ తేడా వచ్చినప్పుడు సవరించాల్సింది వ్యాఖ్యను. మూలాన్ని లాగి వ్యాఖ్యకు అతికించకూడదు. తెర మీద 15 అని ఉంది కనుక పెట్టెను 15కు జరిపించే సూపర్‌వైజర్లు లోకంలో ఉన్నారు. వాళ్లు అక్కడ ఇంకో పెట్టె ఉందేమో కూడా చూడరు. కవి నమ్మవద్దన్నది వాళ్లను అని నా నిర్ణయం.

ఈ ఏడు వీసా చేతికొచ్చి విమానం కోసం చూస్తున్న రుద్రంగి, జగిత్యాల పిల్లల్లో ఎవరికైనా చెకర్ పని దొరికితే వాళ్లకు ఒక్క మాట. పోయే ముందు పదకొండుతో భాగహారం బాగా నేర్చుకోండి. పెట్టె ఎక్కడ చూశారో చెప్పేటప్పుడు నంబరూ చోటూ ఒకే ఫోటోలో పడేలా తీసి పెట్టుకోండి, అందుకు అక్కడి నియమాలు ఒప్పుకుంటేనే. షిఫ్ట్ దిగేటప్పుడు మీ లాగిన్ మూసేసి దిగండి. మీ తర్వాత నొక్కేవాడి తప్పు మీ పేరున పడకూడదు.